6 అడుగుల 3 అంగుళాల ఎత్తుకు చవకైన చిన్న డ్యూయల్ స్పోర్ట్ బండి ఏది?

నిటారు_190 · మొదటి పోస్టు

అందరికీ నమస్కారం. చాలా రోజులుగా మీ చర్చలు చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

నా ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు, బరువు 88 కేజీలు. ఇప్పుడు నడుపుతున్నది మామూలు 125 సీసీ బండి. అరగంట దాటితే మోకాళ్ళు పట్టేస్తాయి. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకోటుంది. మొన్న ఇరుకు సందులో బండి వెనక్కి తిప్పుతుంటే హ్యాండిల్ వచ్చి ఎడమ మోకాలికి తగిలింది. ఇంకో నాలుగు వేళ్ళ మందం తిరిగితే సరిపోయేది, తిరగలేదు. బండి అక్కడే ఒరిగిపోయింది. దెబ్బలేం తగల్లేదు కానీ, ఈ బండి నా ఒంటికి సరిపోదని ఆరోజు తేలిపోయింది.

రోజూ తారు రోడ్డు మీద 20 కిలోమీటర్లు, సెలవు రోజుల్లో మట్టి బాటలు, రాళ్ళ దారులు. అందుకే తారు రోడ్డుకీ మట్టికీ రెంటికీ పనికొచ్చే డ్యూయల్ స్పోర్ట్ బండి వెతుకుతున్నాను. బడ్జెట్ తక్కువ. పాత బండైనా ఫర్వాలేదు. స్పెసిఫికేషన్లు చూసి ఒక లిస్టు రాసుకున్నాను: యమహా ఎక్స్‌టీ250, హోండా సీఆర్ఎఫ్300ఎల్, కవాసాకి కేఎల్ఎక్స్250, హీరో ఎక్స్‌పల్స్ 200. సీటు ఎంత ఎత్తుంటే నాకు అంత మంచిదని అనుకుంటున్నాను. ఈ లెక్క సరైనదేనా?

---

చైన్‌సెట్

స్వాగతం తమ్ముడూ. నీ లెక్క సగమే సరైనది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సీటు ఎత్తు అంటే నేల నుంచి సీటు దాకా ఉన్న దూరం. ఆ అంకె పొట్టివాళ్ళకు ముఖ్యం, ఎందుకంటే వాళ్ళకు కాలు నేలకు ఆనాలి. నీకు ఆ సమస్యే లేదు. నీ మోకాళ్ళు నొప్పి పెట్టేది ఆగినప్పుడు కాదు, నడుస్తున్నప్పుడు. అప్పుడు నీ పాదం నేల మీద ఉండదు, ఫుట్‌పెగ్ (పాదం ఆనించే కడ్డీ) మీద ఉంటుంది. కాబట్టి నువ్వు కొలవాల్సింది సీటు పైభాగం నుంచి పెగ్ దాకా ఉన్న దూరం. ఆ అంకె ఏ కంపెనీ బ్రోషర్‌లోనూ రాయదు. టేపు పట్టుకెళ్ళి నువ్వే కొలుచుకోవాలి.

రెండు బళ్ళకు సీటు ఎత్తు ఒకటే ఉండొచ్చు. ఒకదానికి పెగ్‌లు కిందకి, ఇంకోదానికి పైకి ఉండొచ్చు. మొదటిదాని మీద కాళ్ళు హాయిగా చాచుకుని కూర్చుంటావు, రెండోదాని మీద గొంతుకూర్చున్నట్టు ఉంటుంది.

రెండో కొలత పెగ్ నుంచి హ్యాండిల్ గ్రిప్ దాకా. ఇది నిలబడి నడిపినప్పుడు తెలుస్తుంది. మట్టిలో సగం సేపు నిలబడే నడపాలి కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోకు. పెగ్‌ల మీద నిలబడి, మోకాళ్ళు కాస్త వంచి చూడు. నడుము విరిచి కిందకి వంగితే తప్ప చేతులు గ్రిప్‌లకు అందకపోతే హ్యాండిల్ నీకు తక్కువ ఎత్తులో ఉన్నట్టు.

ముందు నీ ఇప్పటి బండి మీద ఈ రెండూ కొలిచి ఇక్కడ రాయి. అక్కడి నుంచి ఎంత పెరగాలో చూద్దాం.

---

అరుణ_మట్టిబాట

నా ఎత్తు 5 అడుగుల 11 అంగుళాలు, అందులో కాళ్ళే ఎక్కువ. ఎక్స్‌టీ250 రెండేళ్ళు నడిపాను కాబట్టి దాని గురించి చెప్పగలను.

చాలా మంచి బండి. గాలితో చల్లబడే ఇంజిన్, 132 కేజీల బరువు, నడవడం తప్ప ఇంకేమీ తెలియనట్టు ఉంటుంది. కానీ సీటు 810 మి.మీ. మాత్రమే. పైగా సీటు ముందు పల్లంగా, వెనక మెట్టుగా ఉంటుంది. పొడుగు మనిషి వెనక్కి జరుగుదామంటే ఆ మెట్టు అడ్డం. నేనే ఫోమ్ మార్పించుకోవాల్సి వచ్చింది. మీకు 6 అడుగుల 3 అంటే లిస్టులోంచి కొట్టేయండి.

పొడుగు వాళ్ళు చూసుకోవాల్సిన ఇంకో సంగతి ఇదే: సీటు బల్లపరుపుగా, పొడవుగా ఉండాలి. ముందుకీ వెనక్కీ జరగడానికి చోటుంటే ఒకే భంగిమలో ఇరుక్కుపోం. రెండు గంటల ప్రయాణంలో ఇదెంత హాయో మాటల్లో చెప్పలేను.

---

పెద్దబండి_650

బ్రదర్, ఇంత ఎత్తు మనిషివి 250లో ఎందుకు వెతుకుతున్నావు? సుజుకి డీఆర్650 చూడు. 644 సీసీ, సీటు 885 మి.మీ., 1996 నుంచి పెద్దగా మారని డిజైన్, ఏ మెకానిక్ అయినా విప్పగలడు. హైవే మీద ఊపిరాడనట్టు ఉండదు. లేదా పాత హిమాలయన్ 411, తక్కువలో దొరుకుతుంది.

---

చైన్‌సెట్

డీఆర్650 గురించి నువ్వు చెప్పింది తప్పు కాదు, నాకూ ఇష్టమే. కానీ తమ్ముడు చిన్న బండి అడిగాడు, అందుకు కారణం ఉంది. డీఆర్650 దాదాపు 166 కేజీలు. మట్టి కొత్తగా నేర్చుకునేవాడు ఒక్క రోజులో ఐదుసార్లు బండి కింద పడేస్తాడు, ఐదుసార్లూ తనే లేపాలి. 135 కేజీలకీ 166 కేజీలకీ తేడా మూడోసారి లేపేటప్పుడు తెలుస్తుంది.

హిమాలయన్ 411 అయితే 199 కేజీలు, సీటు 800 మి.మీ. పొడుగు మనిషికి రెండు వైపులా నష్టమే. రోడ్డు ప్రయాణాలకు మంచి తోడు, ఒప్పుకుంటాను. ఇక్కడ అడిగింది అది కాదు.

---

పెద్దబండి_650

మూడోసారి లేపడం గురించి నిజమే చెప్పారు అన్నా. నేను మొదటి ఏడాది మట్టిలోకి వెళ్ళకపోవడానికి కారణం అదే. ఆ సలహా వెనక్కి తీసుకుంటున్నాను.

---

నిటారు_190

కొలిచాను. నా 125 సీసీ కమ్యూటర్ మీద సీటు నుంచి పెగ్‌కి 46 సెం.మీ. ఇంట్లో ఒక బల్ల మీద కూర్చుని, కాళ్ళ కింద పుస్తకాల దొంతర పెట్టి ఒక్కో పుస్తకం తీసేస్తూ చూశాను. 54, 55 సెం.మీ. దగ్గర మోకాళ్ళు హాయిగా అనిపించాయి. 52 కూడా ఓర్చుకోవచ్చు. అంటే ఇన్నాళ్ళూ 8 సెం.మీ. తక్కువలో మడుచుకుని కూర్చున్నానన్నమాట!

---

అరుణ_మట్టిబాట

పుస్తకాల పద్ధతి చాలా బాగుంది. ఇది పొడుగు వాళ్ళందరూ చేయాల్సిన పని.

---

పాతగేరు

ఆలస్యంగా చూశాను ఈ చర్చ. పాత బళ్ళు కొనడం, బాగుచేయడం నా పని కాబట్టి మీ లిస్టుకి రెండు పేర్లు కలుపుతాను.

యమహా డబ్ల్యూఆర్250ఆర్. 2008 మోడల్‌గా మొదలై 2020 మోడల్‌తో ఆగిపోయింది. సీటు 930 మి.మీ., బరువు 134 కేజీలు, అల్యూమినియం ఫ్రేమ్, 6 గేర్లు. 250 సీసీ డ్యూయల్ స్పోర్ట్‌లలో పొడుగు మనిషికి దీన్ని మించింది నేను చూడలేదు. ఇబ్బంది ఏమిటంటే ఆ సంగతి అమ్మేవాళ్ళకీ తెలుసు. మంచి బండి తక్కువ ధరకి దొరకదు. తక్కువకి దొరికిందంటే అది మంచి స్థితిలో ఉండదు.

సుజుకి డీఆర్‌జెడ్400ఎస్. 2000లో మొదలైన బండి. సీటు 935 మి.మీ., బరువు 144 కేజీలు. 398 సీసీ కాబట్టి 88 కేజీల మనిషిని ఎత్తు ఎక్కించడానికి కష్టపడదు. గేర్లు 5 మాత్రమే, అందుకే హైవే మీద ఇంకో గేరు ఉంటే బాగుండేదనిపిస్తుంది. పాతది కొంటే క్యామ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్ లోపలి చైనుని బిగువుగా ఉంచే భాగం) సంగతి అడిగి తెలుసుకోండి. చాలామంది చేత్తో బిగించే రకం వేయించుకుంటారు.

మీ లిస్టులోవి కూడా చెబుతాను. సీఆర్ఎఫ్300ఎల్ 2021లో 250ఎల్ స్థానంలో వచ్చింది. 286 సీసీ, సీటు 880 మి.మీ., 142 కేజీలు. ఇంజిన్ చాలా నమ్మకమైనది. కానీ సస్పెన్షన్ మెత్తన. 60, 65 కేజీల మనిషికి పరుపులా ఉంటుంది, 88 కేజీల మనిషి గుంతలో దిగితే కిందకి కొడుతుంది. కేఎల్ఎక్స్250కి సీటు 890 మి.మీ., 6 గేర్లు, బరువు 138 కేజీలకు అటూ ఇటూ. హార్స్‌పవర్ తక్కువ, దూకుడు ఉండదు. పాత మార్కెట్‌లో దీని కోసం ఎగబడేవాళ్ళు తక్కువ కాబట్టి బేరానికి చోటుంటుంది.

కొత్తదే కావాలంటే ఎక్స్‌పల్స్ 200 4వీలో ప్రో వేరియంట్ చూడండి. మామూలుదానికి సీటు 825 మి.మీ., ప్రోకి 891. సస్పెన్షన్ ప్రయాణం, అంటే చక్రం పైకీ కిందకీ కదలగల దూరం కూడా మామూలుదానికి ముందు 190, వెనక 170 మి.మీ. అయితే, ప్రోకి 250, 220. పేరు ఒకటే కానీ పొడుగు మనిషికి ఇవి రెండూ వేర్వేరు బళ్ళు. బరువు మాత్రం 160 కేజీల దగ్గర ఉంటుంది.

---

నిటారు_190

పాతగేరు గారూ, ఇంత ఓపికగా రాసినందుకు చాలా థాంక్స్. ఒక అనుమానం. సీటు ఎత్తుగా లేని బండికి ఫోమ్ వేయించి, పెగ్‌లు కిందకి దించితే సరిపోదా? ఎక్స్‌టీ250 ఒకటి చాలా తక్కువకి వస్తోంది.

---

చైన్‌సెట్

8 సెం.మీ. ఎక్కడి నుంచి తెస్తావు? ఫోమ్‌తో 3, 4 సెం.మీ. పెంచవచ్చు. పెగ్‌లు 1.5, 2 సెం.మీ. దించవచ్చు. అంతకు మించి దించితే గట్టు వాలులో, లోతైన చక్రపు గాడుల్లో పెగ్ నేలకు తగులుతుంది. రాయికి తగిలితే పాదం వెనక్కి విసిరేస్తుంది, చీలమండ పోతుంది. నాకు తెలిసినవాడికి అలాగే అయింది.

ఇంకో సంగతి. ఫోమ్ వేసి నువ్వు 4 సెం.మీ. పైకి వెళ్ళావనుకో, హ్యాండిల్ అక్కడే ఉంటుంది. కూర్చున్నప్పుడు అది నీకు 4 సెం.మీ. కిందకి పోయినట్టే. ఇక హ్యాండిల్‌ని పైకి లేపే దిమ్మలు, అంటే రైజర్లు కావాలి. ఒకటి మారిస్తే ఇంకోటి మార్చాలి. చివరికి చవక బండి చవక కాకుండా పోతుంది. మొదటే 880 మి.మీ. పైన ఉన్న బండి తీసుకుంటే ఈ మార్పులు చిన్న సర్దుబాట్లుగా మిగులుతాయి.

---

వానకాలం

రైజర్ల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. ఎంత ఎత్తు రైజర్లు వేస్తే పొడుగు వాళ్ళకి అంత మంచిది. నేను 50 మి.మీ. వేశాను, సూపర్‌గా ఉంది.

---

పాతగేరు

అది ఒప్పుకోను. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ముందు బ్రేక్ గొట్టం, మూడూ ఫ్యాక్టరీ పొడవులోనే ఉంటాయి. 20, 30 మి.మీ. దాకా వాటి దారి కాస్త మార్చి సర్దవచ్చు. 50 అంటే చాలా బళ్ళలో బిగుసుకుంటాయి.

రైజర్లు వేశాక ఒక పరీక్ష తప్పకుండా చేయండి. ఇంజిన్ ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తిప్పకుండా) పెట్టి హ్యాండిల్ పూర్తిగా ఎడమకి, తర్వాత పూర్తిగా కుడికి తిప్పండి. ఏ వైపు తిప్పినా ఇంజిన్ శబ్దం పెరగకూడదు. పెరిగిందంటే యాక్సిలరేటర్ వైరు లాగుతోందని అర్థం. ఇరుకు మలుపులో హ్యాండిల్ తిప్పగానే బండి తనంతట తనే ముందుకు దూకుతుంది. బ్రేక్ గొట్టం కూడా చూడండి. ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ గొట్టాల జత) పూర్తిగా సాగినప్పుడు, అంటే ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు, గొట్టం తీగలా బిగుసుకోకూడదు.

---

వానకాలం

ఇప్పుడే వెళ్ళి చూశాను. కుడికి పూర్తిగా తిప్పితే ఐడిల్ కొంచెం పెరుగుతోంది! ఆరు నెలలుగా అలాగే తిరుగుతున్నాను. ఈ సాయంత్రమే 25 మి.మీ. రైజర్లకి మారుస్తున్నాను. చాలా థాంక్స్ అండీ.

---

అరుణ_మట్టిబాట

రైజర్లు కొనేటప్పుడు ఇంకోటి గమనించండి. కొన్ని హ్యాండిల్‌ని పైకి లేపుతూ వెనక్కి, మన వైపు తెస్తాయి. రోడ్డు మీద కూర్చుని నడిపేవాళ్ళకి అది సుఖం. పొడుగు మనిషి నిలబడితే హ్యాండిల్ తొడలకు తగులుతుంది. మీకు పైకి, వీలైతే కాస్త ముందుకి వెళ్ళేవి కావాలి.

---

నిటారు_190 · 9 రోజుల తర్వాత

నాలుగు బళ్ళ మీద కూర్చుని వచ్చాను. టేపు తీసుకెళ్ళాను. అమ్మేవాళ్ళు వింతగా చూశారు కానీ ఎవరూ వద్దనలేదు.

డబ్ల్యూఆర్250ఆర్ మీద కూర్చోగానే జీవితంలో మొదటిసారి ఒక బండి నా సైజుకి కుట్టించినట్టు అనిపించింది. ధర మాత్రం నా బడ్జెట్‌కి చాలా పైన. డీఆర్‌జెడ్400ఎస్ ఒకటి చూశాను, స్టార్ట్ చేయడానికి ముందే ఇంజిన్ వేడిగా ఉంది. నేను వస్తున్నానని ముందే తిప్పి ఉంచారు. చల్లగా ఉన్నప్పుడు ఎలా స్టార్ట్ అవుతుందో చూడాలి, రేపు పొద్దున వస్తానంటే ఆయనకి నచ్చలేదు. వదిలేశాను.

సీఆర్ఎఫ్300ఎల్ మీద కూర్చోగానే వెనక బాగా కుంగింది. పాతగేరు గారు చెప్పింది అక్షరాలా నిజం.

నాలుగోది కేఎల్ఎక్స్250. దీని గురించే అడగాలి. 890 మి.మీ. సీటు అన్నారు కదా, నాకు అంత ఎత్తుగా అనిపించలేదు. టేపు పెడితే 840 దగ్గర వచ్చింది. సీటు నుంచి పెగ్‌కి 49 సెం.మీ. మాత్రమే. బండి బాగానే నడుస్తోంది, ధర కూడా నాకు అందుతుంది. అమ్మేవాళ్ళు మాత్రం ఏమీ మార్చలేదు, కంపెనీ నుంచి వచ్చినట్టే ఉందంటున్నారు. ఇందులో ఏదైనా తేడా ఉందా?

---

పాతగేరు

ఆ బండి ఎత్తు తగ్గించారు. పొడుగు వాళ్ళు పాత డ్యూయల్ స్పోర్ట్ కొనేటప్పుడు మొట్టమొదట చూడాల్సింది ఇదే, నేను ముందే రాయాల్సింది.

ఈ రకం బళ్ళు చాలామందికి ఎత్తవుతాయి. కొన్నవాళ్ళు కాలు ఆనక నాలుగు చోట్ల తగ్గించుకుంటారు. మళ్ళీ వెళ్ళి చూడండి.

మొదటిది, హ్యాండిల్ దగ్గర పై క్లాంపు. ఫోర్కు గొట్టాలు క్లాంపు పైకి వేలు మందం పొడుచుకొచ్చి ఉంటే, గొట్టాలు పైకి జరిపి ముందు భాగం దించారని అర్థం. రెండోది, వెనక షాక్ అబ్జార్బర్ కింద ఉండే లింకు. తక్కిన భాగాలన్నీ నల్లబడి, ఆ రెండు పట్టీలు మాత్రం కొత్తగా, వేరే రంగులో మెరుస్తుంటే అవి బయట కొన్నవే. మూడోది, సీటు. కవరు అంచున పిన్నులు చూడండి. వరసగా లేకపోతే ఎవరో విప్పి ఫోమ్ కోశారు. నీకు సీటు నుంచి పెగ్‌కి దూరం తగ్గింది దీనివల్లే, ఎందుకంటే లింకు, ఫోర్కు మార్చితే సీటూ పెగ్ కలిసే దిగుతాయి. నాలుగోది, సైడ్ స్టాండు. బండి దించాక స్టాండు పొడవైపోతుంది కాబట్టి మధ్యలో కోసి వెల్డింగ్ చేస్తారు. అక్కడ వెల్డింగ్ మచ్చ కనిపిస్తే ఇక సందేహం అక్కర్లేదు.

దీనికి భయపడక్కర్లేదు. పాత లింకు, ఫోమ్ ఉంటే ఇవ్వమని అడగండి. ఇస్తే బేరమాడి తీసుకోండి. మీకు అక్కర్లేని మార్పులు చేసిన బండి కాబట్టి ధర తగ్గించమని అడిగే హక్కు మీకుంది.

వెళ్ళినప్పుడు ఇంకో పని. ఇద్దరు పట్టుకుని వెనక చక్రం నేల నుంచి లేచేలా బండిని ఆనించండి. చక్రాన్ని చేత్తో నెమ్మదిగా పైకి ఎత్తండి. షాక్ కదలకముందే "టక్" మని చిన్న ఖాళీ తగిలితే లింకు బేరింగులు అరిగినట్టు. బురదలో తిరిగి, ఎప్పుడూ గ్రీజు పెట్టని బళ్ళకి ఇది మామూలు జబ్బు. బాగుచేయించవచ్చు కానీ ఆ ఖర్చు ధరలోంచి తీసేయాలి. ముందు చక్రం కూడా అలాగే లేపి హ్యాండిల్ మెల్లగా ఒక వైపు నుంచి ఇంకో వైపుకి తిప్పండి. నేరుగా ఉన్నప్పుడు గాడిలో పడ్డట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. స్పోకులు ఒక్కొక్కటే స్పానర్‌తో తట్టండి. అన్నీ ఇంచుమించు ఒకేలా "టింగ్" మనాలి. ఒకటి "టప్" అంటే అది వదులు.

---

నిటారు_190 · 4 రోజుల తర్వాత

కొన్నాను!

మీరు చెప్పిన నాలుగు చోట్లా మార్పులున్నాయి. ఫోర్కు గొట్టాలు 2 సెం.మీ. పైకి ఉన్నాయి. స్టాండు మీద వెల్డింగ్ మచ్చ పెయింట్ కింద దాక్కుని ఉంది, గోరుతో గీకితే బయటపడింది. చూపించగానే ఆయన లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చారు. అసలు లింకు పట్టీలు, అసలు సీటు రెండూ అందులోనే ఉన్నాయి. సీటు కోయలేదు, వేరే సీటు వేశారు. తను కొన్నప్పుడే అలా ఉందట, అంతకు ముందువాళ్ళు మార్చారట. బేరింగుల్లో టక్ లేదు. స్పోకులు రెండు వదులు. ధర బాగానే తగ్గింది.

శనివారమంతా కూర్చుని లింకు, ఫోర్కు, సీటు మళ్ళీ అసలు స్థితికి తెచ్చాను. లింకు పని మెకానిక్ పక్కన ఉండి చేయించాడు. సీటు నుంచి పెగ్‌కి ఇప్పుడు 53 సెం.మీ. వచ్చింది. హ్యాండిల్‌కి 25 మి.మీ. రైజర్లు వేశాను, ఐడిల్ పరీక్ష పాసైంది. హ్యాండిల్ పూర్తిగా తిప్పినా మోకాలికి తగలడం లేదు. ఇది చూసుకోవడానికి ఇంటి ముందు ఐదారు సార్లు ఎనిమిది అంకె వేశాను.

---

అరుణ_మట్టిబాట

చదువుతుంటేనే సంతోషంగా ఉంది. శుభాకాంక్షలు! గేరు లివర్ కూడా చూసుకోండి. పెద్ద బూటు వేసుకుంటే బొటనవేలు దాని కింద దూరదు. షాఫ్ట్ మీద పళ్ళుంటాయి, బోల్టు విప్పి లివర్‌ని ఒక పన్ను పైకి తిప్పి పెట్టుకోవచ్చు.

---

చైన్‌సెట్

శభాష్ తమ్ముడూ. ఇక స్ప్రింగు పని మిగిలింది. 88 కేజీలకి హెల్మెట్, బూట్లు, జాకెట్ కలిపితే 95 దాటుతావు. ఆ బండి వెనక స్ప్రింగు అంత బరువుకి పెట్టింది కాదు.

స్నేహితుడిని పిలిచి ఇలా కొలువు. వెనక ఇరుసు నుంచి నేరుగా పైన మడ్‌గార్డు మీద ఒక టేపు ముక్క అంటించు. చక్రం గాల్లో ఉన్నప్పుడు దూరం కొలువు. బండి తన బరువు మీద తను నిలబడ్డప్పుడు ఇంకోసారి. నువ్వు హెల్మెట్, బూట్లు, జాకెట్ అన్నీ వేసుకుని కూర్చున్నప్పుడు మూడోసారి. మొదటిదానికీ మూడోదానికీ తేడా మొత్తం ప్రయాణంలో మూడో వంతుకి దగ్గర ఉండాలి. కేఎల్ఎక్స్250కి వెనక ప్రయాణం సుమారు 230 మి.మీ. కాబట్టి 75 మి.మీ. దగ్గరకి రావాలి.

---

నిటారు_190

కొలిచాం అన్నా. నేను కూర్చుంటే 97 మి.మీ. కుంగింది. ప్రీలోడ్ రింగు (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచేది) బిగిస్తూ పోతే 76కి వచ్చింది. సరిపోయిందనుకుని సంబరపడ్డాను. కానీ నేను దిగాక బండి తన బరువు మీద 7 మి.మీ. మాత్రమే కుంగుతోంది. ఇది మంచిదా, చెడ్డదా?

---

చైన్‌సెట్

స్ప్రింగు మెత్తనని ఆ 7 చెబుతోంది. మెత్తని స్ప్రింగుని నీ బరువు ఆపడానికి బలవంతంగా నొక్కి పెట్టావు. ఖాళీ బండిని అది పూర్తిగా పైకి నెట్టేస్తోంది. ఇలా నడిపితే చక్రం కింద గుంత వచ్చినప్పుడు అందులోకి దిగడానికి ప్రయాణం మిగలదు, బ్రేక్ వేసినప్పుడు వెనక తేలిపోతుంది. ఖాళీ బండి కూడా 20, 30 మి.మీ. కుంగాలి. గట్టి స్ప్రింగు ఒక్కటి తెప్పించుకో, షాక్ మొత్తం మార్చక్కర్లేదు. నువ్వు ఫోమ్ మీద మిగిల్చిన డబ్బు పెట్టాల్సిన చోటు ఇదే.

అప్పటిదాకా 85 దగ్గర వదిలేసి, గుంతల్లో నెమ్మదిగా పోనీ.

---

పెద్దబండి_650

హైవే మీద ఎలా ఉంది బ్రదర్? ఆ ఒక్కటే నా సందేహం.

---

నిటారు_190 · 3 వారాల తర్వాత

హైవే మీద గంటకి 90 దాకా నిశ్చింతగా పోతుంది. 100 దాటితే ఇంజిన్ కష్టం వినిపిస్తుంది. హెల్మెట్ పైనున్న పీక్ (టోపీ అంచులా ముందుకు పొడుచుకొచ్చేది) గాలికి తలని వెనక్కి లాగుతోందని దాన్ని విప్పేశాను, ఆ ఇబ్బంది పోయింది. నాకు రోజూ అవసరమైంది 60, 70 కాబట్టి ఏ లోటూ లేదు.

గట్టి స్ప్రింగు వచ్చింది. ఇప్పుడు నాతో 74, ఖాళీగా 24. నిన్న మొదటిసారి రాళ్ళ దారిలో నిలబడి నడిపాను. ఒక చోట నీళ్ళు కోసేసిన లోతైన గాడి ఉంది. కమ్యూటర్ మీద అయితే దిగి తోసుకుని వెళ్ళేవాడిని. పెగ్‌ల మీద లేచి, మోకాళ్ళు వదులుగా పెట్టాను. బండి కిందకి దిగింది, పైకి లేచింది, నా తల మాత్రం ఉన్న ఎత్తులోనే ఉంది. అటు దాటాక బండి ఆపి ఆ గాడిని చాలాసేపు చూస్తూ నిలబడ్డాను. రెండు గంటలు తిరిగినా మోకాళ్ళలో నొప్పి లేదు.

ఒక్క సమస్య. అసలు ఎత్తుకి వచ్చాక ఆ కోసిన స్టాండు మీద బండి మరీ ఎక్కువ ఒరుగుతోంది. మెత్తని నేల మీద ఒకసారి పడిపోయింది కూడా.

---

పాతగేరు

ఊహించాను. కంపెనీ పొడవున్న పాత స్టాండు ఒకటి వెతికి వేయండి, అదే మంచిది. దొరికేదాకా కింద ఒక మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయించండి. అరచేయంత వెడల్పు పెట్టిస్తే మట్టిలో దిగదు. స్టాండు మడిచినప్పుడు ఆ ప్లేటు చైనుకి తగలకుండా చూసుకోండి.

బండి ఎత్తు మారింది కాబట్టి చైను కూడా చూడండి. మీరు కూర్చున్నప్పుడు, ఇంకెవరినైనా కింద వేలితో నొక్కి చూడమనండి. బిగుసుకుపోకూడదు.

---

నిటారు_190

ప్లేటు వేయించాను, చైనుకి రెండు వేళ్ళ దూరం ఉంది. చైను కాస్త బిగువుగా ఉంటే వదులు చేశాను. హెడ్‌లైటు కూడా ఆకాశంలోకి కొడుతోంది, ఈ రాత్రికి గోడ ముందు పెట్టి దించుకుంటాను.